పాట చివరి టక్

సంచి సర్దడం అక్కకు చేతకాక కాదు. సర్దిన సంచిని మూయడమే ఆమెకు చేతకాదు. జిప్పు సగం దాకా లాగుతుంది, ఏదో గుర్తొస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. ఇంకో జత మేజోళ్ళు. జలుబు మాత్రలు. టార్చిలైటుకు కొత్త బ్యాటరీలు, అవి తడవకుండా ప్లాస్టిక్ కవరు, ఆ కవరు చిరిగితే ఇంకో కవరు. రికార్డింగ్ మిషన్‌ని పాత తువ్వాల్లో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి, బట్టల మధ్య మెత్తగా పెట్టింది.

"నేను కొండకు వెళ్తున్నానా, కాపురానికి వెళ్తున్నానా?" అంది చెల్లెలు, గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ.

"కాపురానికి వెళ్ళేది నువ్వు కాదులే, వాళ్ళు."

వాళ్ళంటే వరండాలో వరసగా పెట్టిన చెక్కపెట్టెల్లోని మగపిట్టలు. పిడికిలంత పిట్టలు, ఒళ్ళంతా పొగ రంగు, గొంతు కింద మాత్రం పసుపు మచ్చ. పొగపిట్టలంటారు. గుడ్డులోంచి బయటపడ్డప్పటి నుంచి అక్కే వాటిని పెంచింది. పక్షుల పెంపక కేంద్రంలో పిల్లల గది ఆమెది. పురుగులు తరిగి, గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, చిన్న పట్టకారుతో నోట్లో పెట్టి, రెక్కలొచ్చేదాకా కళ్ళలో వత్తులు వేసుకుని కాచింది. వాటిని ఆమె అల్లుళ్ళనేది. కొండ మీద మిగిలిన ఆడపిట్టలకు జోడీ దొరకడం లేదు, వీటిని అక్కడికి పంపిస్తున్నారు.

"ఇల్లరికం అల్లుళ్ళు కదా, కాస్త గారాలు పోతారు. పెట్టె మూత ఒక్కసారిగా తియ్యకు. మూలన ఉన్నవాడికి ముక్కు మీదే కోపం, వాణ్ని ఆఖర్న వదులు."

"కట్నాలు, కానుకలు కూడా నన్నే అడగమంటావా?"

"నవ్వు, నవ్వు. పెంచినవాళ్ళకు తెలుస్తుంది."

బయట జీపు హారను కొట్టింది. చెల్లెలు సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"వెళ్తున్నా అక్కా."

"ఆగు. ఏమన్నావు?"

చెల్లెలు నవ్వింది. "వెళ్ళొస్తా."

"ఆ. అలా అను."

ఆ మాట దగ్గర అక్క ఎవరినీ వదిలిపెట్టదు. వాళ్ళమ్మ ఆసుపత్రికి వెళ్ళే రోజున ఆయాసంలో "వెళ్తున్నానే" అంది, మిగతా సగం అనడానికి ఊపిరి అందలేదు. అప్పటి నుంచి ఇంట్లోంచి ఎవరు కదిలినా, పాలవాడైనా సరే, "వస్తా" అనే ముక్క వినిపించేదాకా అక్క గుమ్మం వదలదు. ఆఫీసులో దాన్ని అందరూ వేళాకోళం చేస్తారు. చేసి, అనేసి పోతారు.

జీపు మలుపు తిరిగాక కూడా ఆమె వరండాలోనే నిలబడింది. పెట్టెలు తీసేసినచోట నేల మీద కాసిని రెట్టలు, రెండు ఈకలు మిగిలాయి. ఊడ్చేందుకు చీపురు తెచ్చి, ఊడవకుండానే మూల పెట్టేసింది.

*

పొగపిట్టల కష్టమంతా పాటతో వచ్చింది. మగపిట్టకు పాట పుట్టుకతో రాదు. రెక్కలు ముదిరే లోపల తండ్రి దగ్గరో, పక్క చెట్టు మీది పెద్దవాళ్ళ దగ్గరో విని నేర్చుకోవాలి. చెవి ఎదిగే వయసులో ఏది వింటే అదే పాట, ఆ తరువాత ఎంత విన్నా కొత్తది పట్టుబడదు. అడవి నరికి ముక్కలు చేశాక పిట్టలు పలచబడ్డాయి. కుర్ర పిట్టలకు పాడి వినిపించే పెద్దవాళ్ళు లేకపోయారు. అవి చెవిన పడ్డదల్లా పట్టుకున్నాయి. ఒకటి పిచుకలా కిచకిచలాడేది, ఒకటి గోరింక కూతను సగం సగం అనేది. ఆడపిట్టలు విని, వీడెవడో మనవాడు కాదనుకుని ఎగిరిపోయేవి. తుపాకీ లేదు, వల లేదు. పాట మరిచిపోయి ఒక జాతి అంతరించిపోతోందని చెల్లెలు చెప్పినప్పుడు అక్కకు మొదట నమ్మకం కలగలేదు.

ఆ సంగతి మీద ప్రపంచంలో ఎక్కడెక్కడో పరిశోధనలు జరుగుతున్నాయట. చెల్లెలు చదివినవాటిని అక్క కూడా చదివేది. ఆమె చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది, మిగిలిందంతా నిఘంటువు పక్కన పెట్టుకుని తనే కూడబలుక్కున్నది.

కేంద్రంలో ఉన్న అసలైన పాట ఒక్కటే. కేంద్రాన్ని మొదలుపెట్టిన మాస్టారు, కొండ నిండా పిట్టలున్న రోజుల్లో, పాత టేపురికార్డరుతో పట్టుకొచ్చిన పాట. టేపు ఖరీదని మాస్టారు పొదుపుగా వాడేవారట. పిట్ట పాట ఎత్తుకోగానే మీట నొక్కడం, ఆపగానే మళ్ళీ నొక్కడం. అందుకే టేపులో ప్రతి పాట చివరా టక్ మని ఒక చప్పుడు. మీట చప్పుడని అందరూ అనుకున్నారు. మాస్టారిని అడుగుదామంటే ఆయన అప్పటికే లేరు.

పిల్లల గదిలో ఆ టేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగేది. పాట, టక్. పాట, టక్. అక్క తల పట్టుకునేది.

"ఆ టక్ తీసెయ్యవే. నెత్తిన మేకు కొట్టినట్టుంది. పిల్లలు కూడా ఉలిక్కిపడుతున్నారు చూడు, అది వినపడగానే తలెత్తుతున్నారు."

చెల్లెలికి చప్పుళ్ళ పనే ఉద్యోగం. టేపును కంప్యూటరులోకి ఎక్కించి మాస్టారి దగ్గు తీసేసింది, గాలి సొద తీసేసింది, ఒక్కో టక్కునూ వెతికి కోసేసింది. కోసిన పాటను పాత పేరుతోనే దాచింది, పాతదాని మీద కొత్తది వెళ్ళి కూర్చుంది. ఎవరికీ బాధనిపించలేదు. డైరెక్టరు విని, "కడిగిన ముత్యంలా ఉందమ్మా," అన్నాడు. ఆయన్ని అక్కచెల్లెళ్ళు చాటున కత్తెర సారు అనేవాళ్ళు, ఎక్కడ రిబ్బను కనిపించినా కోసేస్తాడని. మాస్టారి టేపును ఆయన అద్దాల పెట్టెలో పెట్టించి, సందర్శకుల గదిలో కిటికీ ఎదురుగా, అందరికీ కనపడేలా ఉంచాడు.

ఆ కడిగిన పాట విని పెరిగినవే అల్లుళ్ళన్నీ.

*

కొండ మీద కాపలా గార్డు గుడిసె పక్కన ఒక బండ ఉంది. ఫోను పలికేది ఆ బండ మీద మాత్రమే. చెల్లెలు రోజూ సాయంత్రం అది ఎక్కి మాట్లాడేది. ఆ వేళకు అక్క ఫోను చెవికి ఆనించుకునే వంటగదిలో తిరిగేది.

"ఎలా ఉన్నారు అల్లుళ్ళు?"

"దర్జాగా ఉన్నారు. పొద్దున్నే ఎత్తైన కొమ్మ చూసుకుని కచేరీ పెడుతున్నారు. గార్డు కూడా పని మానేసి వింటున్నాడు."

"మరి ఆడవాళ్ళు?"

"వస్తున్నారక్కా. పక్క కొమ్మ దాకా వస్తారు. తల వంచి వింటారు. పాట అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉంటారు, ఇంకేదో రావాలన్నట్టు. తరువాత వెళ్ళిపోతారు."

"సిగ్గేమో."

"సిగ్గైతే ఒకరిద్దరికి ఉండాలి. అందరికీనా?"

"నా అల్లుళ్ళలో వంక పెట్టడానికేముందని?"

"నీ పెంపకానికి వంక పెట్టేదెవరు? కట్ చేస్తున్నా, చార్జింగ్ లేదు."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. ఆడపిట్టలు రావడం, ఆగడం, మూతి ముడుచుకుని ఎగిరిపోవడం. పెళ్ళిచూపులకు వచ్చి కాఫీ తాగి, తరువాత చెబుతామని లేచిపోయినవాళ్ళలా ఉన్నారంది చెల్లెలు. అక్క నవ్వలేదు.

ఆ వారంలోనే పిల్లల గదిలో ఆ కాలపు చివరి గుడ్లు పిల్లలయ్యాయి. ఒంటిమీద నూగు కూడా లేని పిల్లలు, కళ్ళు ఇంకా తెరవలేదు. వాటికి మాత్రం కబుర్లేం తెలుసు, నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. అక్క పట్టకారు తీసుకుంది.

సాయంత్రం ఫోను రావలసిన వేళకంటే ముందే వచ్చింది.

"అక్కా, ఇవాళ తాతగారు వినిపించారు."

తాతగారంటే కొండ మీద అడవిలో పుట్టి పెరిగిన మగపిట్టల్లో మిగిలిన ఒకే ఒక్కడు. ఉన్నాడో లేడో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వాగు అవతల ఎండిపోయిన చెట్టు మీద పాడాడట.

"మంచిదేగా. గొంతు అలా ఉందేం?"

"ఆ టక్ మాస్టారి మిషన్‌ది కాదక్కా."

అక్కకు అర్థం కాలేదు.

"పిట్టది. పాట చివర ముక్కు టక్కున మూస్తుంది. నా మిషన్ గుడిసెలో ఉంది. గార్డు చేతిలో టీ గ్లాసుంది. అక్కడ నొక్కడానికి మీటంటూ ఏదీ లేదు. పాట పాడాడు, టక్ మన్నాడు. ఆడపిల్ల వచ్చి పక్కన వాలింది."

అక్క పొయ్యి కట్టేసింది.

"నువ్వు నాతో రోజూ అనిపిస్తావు చూడు, వెళ్ళొస్తా అని. అలాంటిదే. వాళ్ళు ఆగేది ఆ చివరి ముక్క కోసం. మనం 'వస్తా' కోసేసి పంపాం."

పిల్లలు టక్ వినగానే తలెత్తడం అక్క కళ్ళ ముందు ఆడింది. ఉలికిపాటు అనుకుంది తను. ఉలికిపాటు కాదు. అవి నేర్చుకుంటున్నాయి.

"కోసింది నువ్వు కదే," అంది. అనాలని అనలేదు, నోటికి వచ్చేసింది.

"నువ్వు తియ్యమన్నావు కాబట్టి కోశాను."

"నేను తలనొప్పన్నాను. పాట కొయ్యమన్నానా?"

ఇద్దరూ ఫోను పెట్టెయ్యలేదు. చార్జింగ్ అయిపోయి అదే ఆగిపోయింది.

*

మర్నాడు పొద్దున్నే అక్క డైరెక్టరు గది ముందు నిలబడింది. ఆయన విని, ముందు కుర్చీలో వెనక్కి వాలాడు, తరువాత ముందుకు వంగాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు సార్. టేపు కావాలి."

"పిట్టల్ని వదిలిన ఫొటోలు అన్ని పేపర్లలోనూ వచ్చాయమ్మా."

"పిల్లలు రేపోమాపో కళ్ళు తెరుస్తారు సార్. వానలు మొదలయ్యేలోపు వీళ్ళ చెవిలో అసలు పాట పడాలి. తరువాత పడ్డా లాభం లేదు. టేపు ఇప్పించండి."

అద్దాల పెట్టె తాళం తీయించాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ అన్నాళ్ళూ తిన్నగా ఆ పెట్టె మీదే పడింది. టేపు పైన అంటించిన కాగితం తెల్లగా వెలిసిపోయింది. లోపలి రీలు బెల్లం పాకంలా ఒకదానికొకటి అతుక్కుపోయింది. మిషన్‌లో పెట్టి తిప్పితే ఇసుక జల్లెడ పట్టిన చప్పుడు వచ్చింది, ఆ తరువాత తెగిపోయింది.

"చూడ్డానికి పెట్టిందే కదా, వాడతామనుకోలేదు," అన్నాడు కత్తెర సారు.

ఆ సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. నిన్నటి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల అది ఎక్కడికీ పోలేదు, ఇద్దరి మధ్యా బల్ల మీద గ్లాసులా అలాగే ఉంది.

"నేనే చేస్తానే ఆ చప్పుడు," అంది అక్క. "పాట మోగుతుంది కదా. చివర నేను టక్ మనిపిస్తాను. నువ్వు విన్నావు కాబట్టి సరిగ్గా ఉందో లేదో చెప్పు."

"సరే, కానీ."

అక్క నాలుకతో కొట్టింది.

"చింతపండు చప్పరించినట్టుంది."

వేలి కణుపుతో బల్ల మీద కొట్టింది.

"అప్పులవాడు తలుపు కొట్టినట్టుంది."

కత్తెర తెచ్చింది. రెండుసార్లు ఆడించింది.

"అది వద్దక్కా," అంది చెల్లెలు మెల్లగా.

అక్క కత్తెర పక్కన పెట్టి, కిటికీ బయట తీగ మీదికి చెయ్యి చాపింది. బట్టలకు పెట్టే చెక్క క్లిప్పు. తెరిచి వదిలింది.

అవతల చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. "ఇంకోసారి."

టక్.

"అదే. దాదాపు అదే. కాకపోతే కాస్త ముందు. పాట పూర్తిగా ఆగాక కాదు, ఆగబోతుండగా."

అప్పటి నుంచి పిల్లల గదిలో నల్ల తెర వెనక అక్క క్లిప్పు పట్టుకుని నిలబడేది. మనిషి కనపడకూడదు, మాట వినపడకూడదు, పిల్లలు మనిషికి అలవాటు పడితే అడవికి పనికిరావు. పాట మోగేది. ఊపిరి బిగబట్టేది. టక్. బొటనవేలు కాయకాసింది. తెర చిల్లులోంచి చూస్తే పిల్లలు తలెత్తి వింటున్నాయి. ఒకటి మాత్రం నోరు తెరిచి మూసింది, చప్పుడు లేకుండా.

డైరెక్టరు ఒకసారి తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. "పాటకచేరీలో తాళం మీదన్నమాట," అని నవ్వి వెళ్ళిపోయాడు.

కానీ చెల్లెలికి తృప్తి లేదు. "క్లిప్పు క్లిప్పేనక్కా. తాతగారి చప్పుడు కాస్త పైకి వెళ్ళి తెగుతుంది, ఎండు కొమ్మ విరిగినట్టు. ఆడవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది. ఆయన దగ్గర పట్టుకు తీరాలి. రోజూ వాగు దాటి వెళ్తున్నా. మిషన్ పెట్టి కూర్చుంటే పాడడు. మూత పెట్టగానే పాడతాడు. బొత్తిగా పెంకి ముసలాయన."

"నీకు తాతే కదా, ఆ పోలిక ఉంటుంది."

కొండ మీద మబ్బు కమ్ముతోందని గార్డు చెప్పాడు. వాగు మీద ఉన్నది రెండు దుంగల వంతెన. వాన పడితే జీపు కూడా పైకి రాదు. డైరెక్టరు దిగి రమ్మని కబురు పెట్టాడు. సోమవారం సాయంత్రం చెల్లెలు బండ ఎక్కి ఫోను చేసింది.

"రేపు పొద్దున్నే దిగిపొమ్మంటున్నారక్కా. గార్డు కూడా అదే అంటున్నాడు. ఏం చెయ్యను?"

మరో రోజైతే అక్క జవాబుకు తడుముకునేది కాదు. పక్కవీధికి వెళ్ళినా త్వరగా రమ్మని చెప్పే మనిషి. కానీ ఆ పొద్దున తెర చిల్లులోంచి చూసింది ఆమె. పిల్లల మెడల కింద పసుపు మచ్చ తేలుతోంది. మచ్చ తేలిందంటే చెవి మూసుకునే రోజులు దగ్గరపడ్డట్టు. ఒక్కసారి అసలు టక్ చెవిన పడితే చాలు. కొండ మీద అల్లుళ్ళు పొద్దున్నే కొమ్మలెక్కి, ఎవరూ జవాబివ్వని పాట పాడుతూనే ఉన్నారు. వాళ్ళ పాట తెగిపోవడానికి తన తలనొప్పే కారణమని ఆమె నిద్రపోవడం మానేసి చాలా రోజులైంది.

"వాన ఇప్పుడేం పడుతుందే," అంది. "ఇంకొక్క రోజు ఉండు. పట్టుకుని వచ్చెయ్."

"నువ్వేనా అంటున్నది?" చెల్లెలు నవ్వింది. "సరే. రేపు ఒక్క పూట చూస్తా."

"తల తుడుచుకో. రెయిన్‌కోటు సంచి అడుగున పెట్టాను."

"ఆ. సరే అక్కా, ఉంటా."

ఫోను పెట్టేటప్పుడు అందరూ అనే మాటే. అక్క కూడా "ఉంటానే" అంది. అని, పట్టకారు కడగడానికి వెళ్ళింది.

*

ఆ తరువాతి సంగతులు చెప్పుకోవడానికి పెద్దగా లేవు. గార్డు చెప్పింది ఇది: పొద్దున్న ఎండగానే ఉంది. ఇద్దరూ వాగు దాటారు. తాతగారు ఎండు చెట్టు మీద వాలాడు, పాడాడు, మిషన్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది. చెల్లెలు గార్డు వైపు తిరిగి, మాట్లాడకుండా, బొటనవేలు చూపుడువేలు కలిపి టక్ మన్నట్టు చూపించి నవ్వింది. అప్పుడు పైన కొండలో వాన మొదలైంది. తిరిగి వచ్చేటప్పుడు గార్డు ముందు దాటాడు. వెనక్కి తిరిగి చూసేసరికి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, దుంగలు లేవు, దుంగల మీద మనిషి లేదు.

సంచి గుడిసెలో ఉంది కాబట్టి వచ్చింది. జిప్పు తెరిచి ఉంది. రెయిన్‌కోటు మడత విప్పకుండా అడుగున ఉంది. పాత తువ్వాలు ఖాళీగా ఉంది.

అక్క పిల్లల గదికి వెళ్ళింది. వెళ్ళక తప్పదు, అవి నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. తెర వెనక నిలబడి క్లిప్పు వదిలింది. చెవి మూసుకునే దాకా వదిలింది. మరుసటి ఏడు ఆ పిల్లల్లో ఒకడు పాట ఎత్తుకుని చివర టక్ మన్నాడు. అచ్చు బట్టల క్లిప్పు చప్పుడు. వాణ్ని పంపుదామంటే కొండ మీద జోడీ ఎవరూ లేరు. రోడ్డు వెడల్పు చేయడానికి వాగు ఇవతలి చెట్లు అప్పటికే కొట్టేశారు. ఆడపిట్టలు ఏమయ్యాయో గార్డుకు తెలియలేదు. ఆ టక్ నేర్చినవాడు పంజరంలో పొద్దున్నే పాడేవాడు, టక్ మనేవాడు, ఆగి వినేవాడు.

డైరెక్టరు ఆ సంగతంతా పరిశోధనా వ్యాసంగా రాసి అచ్చు వేయించాడు. చెల్లెలి పేరు నల్లగీతల పెట్టెలో పెట్టాడు. దానికి చాలా పేరొచ్చింది. పాట చివరి ముక్క పోతే జాతి పోతుందని దేశదేశాల వాళ్ళు దాన్ని ఎత్తి చూపారు, దాని ముఖం చూసి ఇంకా ఎన్నో పిట్టల పాటలు కోయకుండా దాచారట. అక్క నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చుని మొత్తం చదివింది. తను ఒక్కచోట ఉంది. "పెంపక గది సిబ్బంది కోరిక మేరకు ఆ చప్పుడు తొలగించబడినది." చెల్లెల్ని ఇంకొక్క రోజు ఉండమన్న సిబ్బంది ఎవరో అందులో లేదు.

వదిలిన మగపిట్టల్లో ఒక్కటీ మరుసటి ఏడు కనిపించలేదు. తాతగారు ఎండు చెట్టుకు మళ్ళీ రాలేదు. చెల్లెలు తిరిగి రాలేదు. ఆమె వాగు దాటబోయింది మంగళవారం, మొదటి వాన పడిన రోజు, మధ్యాహ్నం.